లెంట్‌లో ధ్యాన పఠనం: అరువు తెచ్చుకున్న పశ్చాత్తాపం

ఆరవ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ తన మఠంలోని సన్యాసుల కోసం రాసిన నియమావళిలో 48వ అధ్యాయం ప్రధానంగా రోజువారీ చేతిపని గురించినది. ఏ కాలంలో ఏ గంట వరకు పని చేయాలి, ఏ గంటలో చదువుకోవాలి అని లెక్కలు చెబుతూ వచ్చిన ఆ అధ్యాయంలో లెంట్ (ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం) ప్రస్తావన వస్తుంది. ఆ రోజుల్లో ప్రతి సన్యాసికీ గ్రంథాలయం నుండి ఒక పుస్తకం ఇవ్వాలనీ, అతడు దాన్ని మొదటి నుండి చివరి వరకు వరుసగా చదవాలనీ, ఆ పుస్తకాలను లెంట్ ఆరంభంలోనే పంచాలనీ అక్కడ ఉంది. చదువుకునే వేళల్లో ఒకరిద్దరు పెద్దలు మఠమంతా తిరిగి, ఎవరైనా పుస్తకం పక్కన పెట్టి కబుర్లలో పడ్డారేమో చూడాలని కూడా ఉంది. మనుషుల స్వభావం బాగా తెలిసినవారు రాసిన నియమం అది.

తర్వాతి అధ్యాయంలో ఆయన లెంట్ గురించే నేరుగా మాట్లాడుతారు. సన్యాసి జీవితం ఏడాది పొడవునా లెంట్‌లాగే ఉండవలసిందనీ, అంతటి శక్తి కొద్దిమందికే ఉంటుంది గనుక కనీసం ఈ రోజుల్లోనైనా మిగతా కాలాల నిర్లక్ష్యాన్ని కడిగివేసుకోవాలనీ అంటారు. అందుకు ఆయన సూచించే పనులు కన్నీటితో ప్రార్థన, పఠనం, హృదయం పొందే పశ్చాత్తాపం, ఉపవాసం. ఈ వరుసలో పఠనం పశ్చాత్తాపానికి ఆనుకుని ఉండటం నాకు ప్రతి సంవత్సరం ఆలోచించదగినదిగా కనిపిస్తుంది. చదువు మన జ్ఞానాన్ని పెంచడానికి ఇక్కడ పెట్టలేదు, ఏదో ఒక చోట మన హృదయం నొచ్చుకోవడానికి పెట్టారు.

ఇప్పుడు మన చేతికి వచ్చే లెంట్ పఠనం ఆ ఒక్క పుస్తకానికి చాలా దూరంలో ఉంది. లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం దగ్గర పడుతుండగానే రోజుకొక పుట చొప్పున రాసిన ధ్యాన పుస్తకాలు, ఉదయాన్నే ఫోన్‌లో మోగే వాక్య సందేశాలు, ఐదు నిమిషాల ఆడియో ధ్యానాలు వరుస కడతాయి. వాటిలో దాదాపు అన్నింటి నిర్మాణమూ ఒకటే. పైన ఒక వచనం, దాని కింద ఒక చిన్న సంఘటన, ఆ సంఘటన నుండి తీసిన అన్వయం, చివర రెండు మూడు వాక్యాల ప్రార్థన ఉంటాయి. శ్రద్ధగా రాసినవి వాటిలో ఉన్నాయి, వాటిని నేనూ చదువుతాను. అయితే ఆ నిర్మాణంలోనే ఒక చిక్కు ఉంది. ఆ పుట రాసిన వ్యక్తి వాక్యం ముందు కూర్చుని, తన తప్పును తాను చూసుకుని, కొంత బాధపడి, అందులోనుండి ఒక మాట తెచ్చి మనకు ఇచ్చాడు. మనం చదివేది ఆ పని ముగిసిన తర్వాత వచ్చిన సంగతి. అది మనల్ని కదిలిస్తుంది, కన్ను చెమరుస్తుంది, పుస్తకం మూస్తాం, రోజు మొదలవుతుంది. పశ్చాత్తాపం జరిగిన మాట నిజమే, కానీ అది రచయితకు జరిగింది. మనం దాన్ని ఒక పూట కోసం అరువు తెచ్చుకున్నాం.

కదిలిపోవడానికీ పశ్చాత్తాపపడటానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో రెండవ సమూయేలు 12వ అధ్యాయం చూపించినంత స్పష్టంగా మరే భాగమూ చూపించదని నా అభిప్రాయం. దావీదు రాజు తన సైనికుడైన ఊరియా భార్య బత్షెబను చేర్చుకుని, ఊరియాను యుద్ధంలో చంపించాడు. బత్షెబ రాజభవనానికి వచ్చింది, బిడ్డ పుట్టాడు. అప్పుడు నాతాను ప్రవక్త వచ్చి దావీదుకు ఒక కథ చెప్పాడు. ధనవంతుడి దగ్గర గొఱ్ఱెలు, గొడ్లు విస్తారంగా ఉన్నా, తన ఇంటికి వచ్చిన అతిథి కోసం పేదవాడు బిడ్డలాగా పెంచుకున్న ఒకే ఒక్క గొఱ్ఱెపిల్లను పట్టుకుపోయాడు. కథ విన్న దావీదు కోపంతో మండిపడ్డాడు. ఆ పని చేసినవాడు మరణపాత్రుడని తీర్పు చెప్పి, ఒక గొఱ్ఱెపిల్లకు ప్రతిగా నాలుగు ఇవ్వాలని కూడా అన్నాడు. ఆ కోపంలో నటన లేదు. పేదవాడి మీద అతనికి కలిగిన జాలి నిజమైనదే, న్యాయం తెలిసిన మనసు అతనిది. అయినా ఆ క్షణంలో దావీదు పశ్చాత్తాపానికి ఎంత దూరంలో ఉన్నాడో చూడండి. నాతాను “ఆ మనుష్యుడవు నీవే” అని చెప్పేవరకు అతను ఒక మంచి శ్రోత మాత్రమే. ధ్యాన పుస్తకం చదివి చలించిపోయే మనమూ చాలా ఉదయాలు ఆ వాక్యానికి ముందే ఆగిపోతాం. కథ బాగుందని అనుకుంటాం, ఆ ధనవంతుడి మీద కోపం తెచ్చుకుంటాం, తర్వాతి పుటకు గుర్తు పెట్టుకుని లేస్తాం.

దావీదు చెప్పిన ఆ నాలుగింతల లెక్క ఊరికే నోటికి వచ్చింది కాదు. నిర్గమకాండము 22వ అధ్యాయం మొదటి వచనంలో గొఱ్ఱెను దొంగిలించి అమ్మినా చంపినా నాలుగు గొఱ్ఱెలు ఇవ్వాలని ఉంది. ధర్మశాస్త్రం అతనికి కంఠతా వచ్చు, అతను దాన్ని మరొకడి మీద సరిగ్గానే ప్రయోగించాడు. ఇదే లెక్క లూకా సువార్త 19వ అధ్యాయంలో మళ్ళీ కనిపిస్తుంది. యేసు తన ఇంటికి వచ్చినప్పుడు సుంకం వసూలు చేసే జక్కయ్య నిలబడి, ఎవరి దగ్గరైనా అన్యాయంగా ఏమైనా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగి చెల్లిస్తానని అంటాడు. దావీదుకు ప్రవక్త వచ్చి వేలు చూపించవలసి వచ్చింది, జక్కయ్య మాత్రం ఎవరూ అడగకుండానే ఆ లెక్కను తన మీద వేసుకున్నాడు. ఈ రెండు అధ్యాయాలనూ పక్కపక్కన పెట్టి చదివితే, మన పఠనంలో ఆ ఉదయం ఏమి జరిగిందో కొలుచుకోవడానికి వేరే కొలమానం అవసరం ఉండదు. చదివిన మాట ఎవరి మీదికి వెళ్ళింది? మనకు గిట్టని ఒక బంధువు మీదికా, సంఘంలో మనకు నచ్చని పెద్దమనిషి మీదికా, లేక మన మీదికేనా?

తూర్పు సంఘాలవారు దీన్ని ఒక ఆరాధన క్రమంగానే ఏర్పరచుకున్నారు. క్రేతుకు చెందిన అంద్రెయ అనే బిషప్పు ఏడు, ఎనిమిది శతాబ్దాల కాలంలో కూర్చిన సుదీర్ఘమైన పశ్చాత్తాప కీర్తనను ఆర్థడాక్స్ సంఘాలు లెంట్ మొదటి వారంలో సోమవారం నుండి గురువారం వరకు భాగాలుగా పాడతాయి, ఐదవ వారంలో మొత్తం ఒకేసారి పాడతాయి. ఆదాము, కయీను, ఏశావు, దావీదు మొదలుకొని బైబిలులోని వ్యక్తులను ఒక్కొక్కరినీ తలచుకుంటూ, వారి పడిపోవడంలో తన పడిపోవడాన్ని, వారి లేవడంలో తాను చేయక వదిలేసినదాన్ని పాడే వ్యక్తి తన ప్రాణంతో చెప్పుకునే రచన అది. ప్రతి కథా “నేను” అనే మాటకు వచ్చి ఆగుతుంది. ఇంత పొడవైన రచనలో అదే పద్ధతి మళ్ళీ మళ్ళీ రావడం మొదట విసుగు పుట్టించవచ్చు. ఆ విసుగు అవసరమైనదే, ఎందుకంటే ఇతరుల కథలను ఇతరుల కథలుగానే చదివే అలవాటు మనలో అంత లోతుగా పాతుకుని ఉంది.

రోజుకొక వచనం పద్ధతిలో ఉన్న రెండవ చిక్కు, వచనాన్ని దాని చోటునుండి పెరికి తేవడం. లెంట్‌లో మొదటి ఆదివారం చాలా సంఘాల్లో చదివే సువార్త భాగం యేసు అరణ్యంలో శోధింపబడిన వృత్తాంతమే. మత్తయి చెప్పిన క్రమంలో యేసు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండము నుండి వచ్చినవి. మొదటిది 8వ అధ్యాయం 3వ వచనం, రెండవది 6వ అధ్యాయం 16వ వచనం, మూడవది అదే అధ్యాయం 13వ వచనం. మూడూ దగ్గర దగ్గరలో ఉన్నాయి. నలభై సంవత్సరాల అరణ్య ప్రయాణంలో ఆకలి, అనుమానం, విగ్రహాల ఆకర్షణ ఇశ్రాయేలును ఏమి చేశాయో మోషే గుర్తుచేస్తున్న ప్రసంగంలోని మాటలు అవి. నలభై దినాలు ఆకలితో ఉన్న యేసు ఆ ప్రసంగం లోపల నిలబడి మాట్లాడుతున్నాడు. ఆయనను శోధించిన అపవాది కూడా లేఖనమే ఎత్తి చూపాడు, 91వ కీర్తన 11, 12 వచనాలు. అయితే 11వ వచనంలో “నీ మార్గములన్నిటిలో” అని ఉన్న మాట అతని నోట రాలేదు, దేవుణ్ణి ఆశ్రయంగా చేసుకొన్నవాని గురించి ఆ కీర్తన అంతకు ముందు చెప్పినదీ రాలేదు. ఒక్క వాగ్దానాన్ని కోసి తెచ్చి, కిందికి దూకమంటూ దేవాలయ శిఖరం మీద పెట్టాడు. విడిగా తీసిన వచనాలన్నీ అపవాది పని అనడం నా ఉద్దేశం కాదు. కానీ ఉదయం ఫోన్‌లో వచ్చిన ఓదార్పు వచనాన్ని చదివి సంతోషించే ముందు, అది ఏ అధ్యాయంలోనిదో, దాని పైన కింద ఏముందో తెరిచి చూడటం ఈ నలభై రోజుల్లోనైనా అలవాటు కావాలి.

వరుసగా చదివితే తప్ప కనబడని విషయాలకు మార్కు సువార్త మధ్య భాగం మంచి ఉదాహరణ. 8వ అధ్యాయం చివరి నుండి 10వ అధ్యాయం వరకు యేసు తన శ్రమలను గురించి మూడుసార్లు ముందుగా చెబుతాడు. మొదటిసారి చెప్పగానే పేతురు ఆయనను పక్కకు తీసుకువెళ్ళి గద్దిస్తాడు. రెండవసారి చెప్పిన తర్వాత శిష్యులు తమలో ఎవరు గొప్ప అని దారిలో వాదించుకుంటారు. మూడవసారి చెప్పగానే యాకోబు, యోహాను వచ్చి ఆయన మహిమలో కుడివైపున ఒకరికీ ఎడమవైపున ఒకరికీ చోటు అడుగుతారు. సిలువ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ శిష్యులు పైకి ఎక్కే సంగతే మాట్లాడారు. ఈ భాగానికి ముందు బేత్సయిదాలో ఒక గుడ్డివానికి రెండు విడతలుగా చూపు వస్తుంది, మొదటి విడతలో మనుషులు అతనికి నడిచే చెట్లలాగా కనిపిస్తారు. ఈ భాగం చివర యెరికో దగ్గర బర్తిమయికి చూపు వస్తుంది, అతను వెంటనే త్రోవలో యేసు వెంట వెళతాడు. మధ్యలో ఉన్నదంతా సగం చూపు ఉన్న శిష్యుల కథ. సింహాసనాలు అడగడానికి వచ్చిన ఇద్దరినీ, దారి పక్కన కూర్చున్న బర్తిమయినీ యేసు ఒకే ప్రశ్న అడుగుతాడు, నేను మీకేమి చేయాలని కోరుతున్నారని. ఇద్దరు గౌరవం అడిగారు, ఒకడు చూపు అడిగాడు. ఈ ప్రశ్న విడి వచనాల పుస్తకంలో రెండు వేర్వేరు రోజుల్లో వస్తే వస్తుంది, లేకపోతే అసలు రాదు. ఒకే కూర్చోవడంలో ఆ మూడు అధ్యాయాలు చదివినవారికి మాత్రం అది తన వంతు జవాబు అడుగుతూ వెంటబడుతుంది.

ఇక చదివే తీరు విషయానికి వస్తే, గొంతు విప్పి చదవాలన్నది నా మొదటి సలహా. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన అధికారి రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతుంటే సువార్తికుడైన ఫిలిప్పుకు వినబడింది. పూర్వకాలంలో సాధారణంగా బయటికే చదివేవారు. గొంతుతో చదివినప్పుడు కన్ను దాటవేయాలనుకున్న మాటను నోరు పలకవలసి వస్తుంది. వంశావళుల దగ్గర, శాపాల దగ్గర, మనకు ఇబ్బంది కలిగించే ఆజ్ఞల దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. వేగం కూడా దానంతట అదే తగ్గుతుంది.

అదే వృత్తాంతం ధ్యాన పుస్తకాలకు వాటి సరైన స్థానాన్ని కూడా చూపిస్తుంది. ఫిలిప్పు రథం దగ్గరికి వచ్చేసరికి ఆ అధికారి అప్పటికే చదువుతున్నాడు, అర్థం కాక ఒక ప్రశ్న దగ్గర ఆగి ఉన్నాడు. ప్రవక్త ఎవరిని గురించి ఇలా చెబుతున్నాడు, తన గురించా మరొకరి గురించా అన్నది అతని ప్రశ్న. “నీవు చదువునది గ్రహించుచున్నావా?” అని ఫిలిప్పు అడిగినప్పుడు, ఎవరైనా త్రోవ చూపకపోతే ఎలా గ్రహించగలనని అతను నిజాయితీగా ఒప్పుకున్నాడు. మార్గదర్శి అవసరమే, అందులో సందేహం లేదు. అతను వచ్చిన క్రమం మాత్రం గమనించాలి. ముందు లేఖనం, తర్వాత పాఠకుని సొంత ప్రశ్న, ఆ తర్వాత ఫిలిప్పు. మన ఉదయాల్లో ఈ క్రమం తలకిందులుగా ఉంది. ముందు ధ్యాన పుట చదువుతాం, అందులో ఇచ్చిన వచనంతో సరిపెట్టుకుంటాం, ప్రశ్న పుట్టకముందే జవాబు చేతికి వస్తుంది. అందువల్ల ధ్యాన పుస్తకాన్ని ఉదయం మూసి ఉంచి, లేఖన భాగాన్ని మాత్రమే చదివి, రోజంతా దాన్ని మనసులో ఉంచుకుని, సాయంత్రం ఆ పుట తెరవడం మేలని నేను నమ్ముతున్నాను. అప్పుడు రచయిత మనకు తోటి పాఠకుడు అవుతాడు. కొన్ని సాయంత్రాలు ఆయన మనకు కనబడనిది చూపిస్తాడు, మరికొన్ని సాయంత్రాలు ఆయన ఆ భాగాన్ని మరీ తేలికగా వదిలేశాడని మనకు అనిపిస్తుంది. రెండూ ఉపయోగకరమే.

చదివిన తర్వాత మనసులో ఏమి మిగిలిందో చూసుకోవడం గురించి ఇగ్నేషియస్ లయోలా జీవితం నేర్పే పాఠం విలువైనది. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, ఇంట్లో మంచం పట్టిన ఆ సైనికుడు కాలక్షేపానికి వీరగాథల పుస్తకాలు అడిగాడు. ఆ ఇంట్లో అవి లేకపోవడంతో క్రీస్తు జీవితం గురించిన ఒక గ్రంథం, పరిశుద్ధుల చరిత్రలు ఇచ్చారు. రోజులు గడిచేకొద్దీ అతను ఒక సంగతి గమనించాడు. రాజసభలు, వీరకృత్యాల ఊహలు తలచుకుంటున్నంతసేపు ఆనందంగానే ఉండేవి, అవి పోయిన తర్వాత మనసు ఎండిపోయినట్లు మిగిలేది. పరిశుద్ధుల మార్గంలో నడవాలన్న ఊహలు మాత్రం వెళ్ళిపోయిన తర్వాత కూడా సంతోషాన్ని మిగిల్చి వెళ్ళేవి. చదువుతున్నప్పుడు కలిగే భావం కంటే చదివిన తర్వాత మిగిలే భావం ఎక్కువ చెబుతుందని అతనికి అక్కడ అర్థమయింది. తర్వాతి కాలంలో ఇతరుల కోసం రూపొందించిన ధ్యానాభ్యాసాల్లో ఆయన మరో ఏర్పాటు చేశారు. ఒకసారి ధ్యానించిన దాని దగ్గరికి మళ్ళీ వెళ్ళి, ఎక్కడ ఎక్కువ ఓదార్పు కలిగిందో, ఎక్కడ ఎక్కువ వ్యాకులత కలిగిందో అక్కడ ఆగాలని చెప్పారు. రోజుకొక కొత్త పుట తిప్పే మనకు ఇది వింతగా తోస్తుంది. నిన్నటి వచనం గుచ్చుకున్నప్పుడు నేడు కొత్త వచనానికి వెళ్ళడం ఒక రకంగా తప్పించుకోవడమేనని ఆ ఏర్పాటు మనకు గుర్తుచేస్తుంది.

నోటు పుస్తకం పెట్టుకునే అలవాటు ఉన్నవారు అందులో ధ్యాన పుస్తకంలోని మంచి వాక్యాలను ఎత్తి రాసుకోవడం ఈ కాలంలో మానేయవచ్చు. చదివిన భాగంలో ఎక్కడ ఆగాలనిపించలేదో, ఏ వచనాన్ని త్వరగా దాటిపోవాలనిపించిందో రాసుకుంటే చాలు. అలాంటి చోట్లు వారం తిరిగేసరికి ఒకదానితో ఒకటి కలిసి ఏదో చెబుతాయి. డబ్బు గురించిన మాటలన్నింటినీ దాటేశామనో, క్షమించడం గురించిన మాటలను ఇతరులకు పంపించామే తప్ప మనం తీసుకోలేదనో అప్పుడు తెలుస్తుంది.

పశ్చాత్తాప కీర్తనలుగా సంఘం ఎంచుకున్నవి ఏడు: 6, 32, 38, 51, 102, 130, 143. ఆరవ శతాబ్దంలో కసియొదొరస్ కీర్తనలకు రాసిన వ్యాఖ్యానంలోనే ఈ ఏడింటినీ ఒక సమూహంగా చెప్పడం కనిపిస్తుంది. అంతకు ముందే, 430లో, వాండల్ సైన్యాలు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరాన్ని ముట్టడించి ఉండగా అక్కడి బిషప్పు అగస్టీను తన చివరి జబ్బులో దావీదు రాసిన పశ్చాత్తాప కీర్తనలను కొన్నింటిని రాయించి, పడక పక్క గోడకు పెట్టించుకుని, వాటిని చూసి చదువుతూ ఏడ్చేవారని ఆయన జీవిత చరిత్ర రాసిన పొస్సిదియస్ చెబుతాడు. వేల పుటలు రాసిన మనిషి చివరి రోజుల్లో ఆ కీర్తనలను చూస్తూ గడిపారు. వారానికి ఒక కీర్తన చొప్పున తీసుకుంటే, భస్మ బుధవారం మొదలైన ఆ చిన్న వారాన్ని కూడా కలుపుకొని ఈ ఏడూ లెంట్‌కు సరిగ్గా సరిపోతాయి. ఆ వారమంతా అదే కీర్తన, ఉదయం ఒకసారి, పడుకునేముందు ఒకసారి. 130వ కీర్తనలో కావలివారు ఉదయం కోసం కనిపెట్టడం గురించిన మాట రెండుసార్లు వెంటవెంటనే వస్తుంది. నాలుగు రోజులు చదివిన తర్వాత ఆ పునరుక్తి ఎందుకు ఉందో ఎవరూ వివరించకుండానే తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఈ కీర్తనలు అందరికీ ఒకే మోతాదులో పనికిరావు. ఇప్పటికే తమను తాము నిత్యం నిందించుకునే స్వభావం ఉన్నవారు, మానసికంగా కుంగిపోయి ఉన్నవారు, ఈ మధ్యనే ఆప్తులను పోగొట్టుకున్నవారు నలభై రోజులు పాపపు ఒప్పుకోలు మాత్రమే చదివితే అది వారిని దేవుని దగ్గరికి తీసుకురాకుండా తమలోకి తామే ముడుచుకుపోయేలా చేయగలదు. అలాంటివారు దేవుని కనికరాన్ని పాడే 103వ కీర్తనతో, తప్పిపోయిన కుమారుని కథ ఉన్న లూకా 15వ అధ్యాయంతో లెంట్ గడపడంలో ఏ లోపమూ లేదు. దుఃఖంలో ఉన్నవారికి 88వ కీర్తన ఉంది. అది “చీకటియే నాకు బంధువర్గమాయెను” అన్న మాటతోనే ముగుస్తుంది, చివర ఏ ఓదార్పునూ అతికించదు. అంత చీకటి మాటలకు కూడా లేఖనంలో చోటు దొరికిందన్న సంగతే కొందరికి ఓదార్పు. ఎవరితోనైనా మాట్లాడవలసిన స్థితిలో ఉన్నవారు మాత్రం పుస్తకంతో ఆగిపోకుండా మనిషి దగ్గరికి వెళ్ళాలి.

తప్పిపోయిన రోజుల సంగతి క్లుప్తంగా చెబుతాను. రెండు రోజులు చదవకపోతే మూడవ రోజు మూడు పుటలు చదివి లెక్క సరిచేయడం వల్ల ప్రయోజనం లేదు. ఆగిన చోటినుండి మొదలుపెట్టడమే మంచిది. యాప్‌లు మన వరుస తెగలేదని చూపించే గుర్తులను నేను ఆపివేసి ఉంచుతాను, ఎందుకంటే అవి కొద్ది రోజుల్లోనే మన దృష్టిని వాక్యం మీదినుండి మన పట్టుదల మీదికి మళ్ళిస్తాయి. వారానికి రెండు మారులు ఉపవాసం చేస్తున్నానని దేవుని ఎదుటే లెక్క అప్పజెప్పిన పరిసయ్యుడికి అలాంటి గుర్తు ఒకటి ఉంటే ఎంత నచ్చేదో. ఆదివారాల విషయానికి వస్తే, పాశ్చాత్య సంఘాల లెక్కలో లెంట్ నలభై దినాల్లో అవి చేరవు. భస్మ బుధవారం నుండి ఈస్టర్ ముందటి శనివారం వరకు మొత్తం 46 రోజులు, అందులో ఆరు ఆదివారాలు పునరుత్థానాన్ని జ్ఞాపకం చేసుకునేవి గనుక వాటిని తీసివేస్తారు. ఆ రోజుల్లో చదువు కూడా మారాలి. ఆదివారం స్తుతి కీర్తన చదివి, తోటివారితో కలిసి ఆరాధించి, వారం రోజుల నోటు పుస్తకాన్ని మూసి ఉంచాలి.

భస్మ బుధవారం నాడు చదివే యోవేలు ప్రవచనం “మీ వస్త్రములను కాక మీ హృదయములను చింపుకొని” అంటుంది, అదే రోజు చదివే మత్తయి 6వ అధ్యాయం ధర్మం, ప్రార్థన, ఉపవాసం రహస్యంగా జరగాలంటుంది. ఈ రెండింటినీ మనం తరచుగా లోపలి భావాలకే పరిమితం చేస్తాం. యెషయా 58వ అధ్యాయం ఆ వెసులుబాటు ఇవ్వదు. ఉపవాస దినాన పనివారి చేత కఠినమైన పని చేయించుకునేవారి ఉపవాసాన్ని అది తిప్పికొడుతుంది, ఆకలిగొన్నవానికి ఆహారం పెట్టడం, దిక్కులేని బీదలను ఇంట చేర్చుకోవడం, వస్త్రహీనునికి వస్త్రం ఇవ్వడం తాను కోరిన ఉపవాసమని దేవుడు చెబుతున్నట్లు రాస్తుంది. అందువల్ల వారంలో ఒక రోజైనా చదివిన భాగం నుండి ఒక పని పుట్టాలని నేను పెట్టుకుంటాను. ఎవరికో ఇవ్వవలసిన బాకీ, రాయకుండా వాయిదా వేసిన క్షమాపణ ఉత్తరం, మన దగ్గర పనిచేసేవారితో మాట్లాడే తీరు, ఇలా పేరు పెట్టి చెప్పగలిగిన పని అది కావాలి. దేవుని ప్రేమలో ఎదగాలి అన్నంత విశాలమైన తీర్మానాలు ఏ ధ్యాన పుస్తకంలోనైనా దొరుకుతాయి, వాటిని నెరవేర్చామో లేదో ఎవరికీ తెలియదు.

బెనెడిక్ట్ చెప్పిన ఆ ఒక్క పుస్తకంగా ఈసారి నేను ద్వితీయోపదేశకాండము ఎంచుకున్నాను. శోధన వృత్తాంతంలో యేసు ఏ గ్రంథం నుండి జవాబు ఇచ్చాడో ఆ గ్రంథాన్ని పూర్తిగా చదవాలన్నది ఒక కారణం. మరొకటి లెక్క కుదరడం. భస్మ బుధవారం నుండి మట్టల ఆదివారం (ఈస్టర్‌కు ముందటి ఆదివారం) ముందటి శనివారం వరకు, ఆదివారాలు తీసివేస్తే 34 రోజులు వస్తాయి, ద్వితీయోపదేశకాండములో 34 అధ్యాయాలు ఉన్నాయి. మోషే నెబో కొండ మీదినుండి దేశాన్ని చూసి, అందులో అడుగుపెట్టకుండానే మరణించే చివరి అధ్యాయం ఆ శనివారం నాడు వస్తుంది. పరిశుద్ధ వారంలో మిగిలే ఆరు రోజులను మార్కు 11 నుండి 15 వరకు ఉన్న అధ్యాయాలకు ఉంచుకోవచ్చు, 14వ అధ్యాయం పొడవైనది గనుక దానికి రెండు రోజులు పడతాయి.

ఈ గ్రంథం ఎంచుకునేవారికి కష్టం 12 నుండి 26 వరకు ఉన్న చట్టాల దగ్గర వస్తుంది. ఇవి మనకు సంబంధించినవి కావని దాటిపోవాలనిపిస్తుంది, కొన్ని ఆజ్ఞలు నిజంగానే మనల్ని కలవరపెడతాయి కూడా. అయినా 15వ అధ్యాయంలో అప్పులు విడిచిపెట్టే ఏడవ సంవత్సరం దగ్గర పడిందని బీదవానికి అప్పు ఇవ్వకుండా చెయ్యి బిగించే చెడ్డ తలంపు గురించి హెచ్చరిక ఉంది. 24వ అధ్యాయంలో తిరగలిని తాకట్టు పెట్టుకోకూడదనీ, కూలివాని కూలి పొద్దు గుంకక మునుపే ఇవ్వాలనీ, పొలంలో మరచిపోయిన పన (కోసిన పైరు కట్ట) కోసం వెనక్కి వెళ్ళకుండా దాన్ని పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి వదిలేయాలనీ ఉంది. 25లో సంచిలో రెండు రకాల తూనికరాళ్ళు ఉంచుకోకూడదని ఉంది. ఈ పదిహేను అధ్యాయాల దగ్గర ధ్యాన పుస్తకం అంతగా అక్కరకు రాదు, ఆ కాలపు జీవనాన్ని వివరించే ఒక మంచి వ్యాఖ్యానం పక్కన ఉంచుకోవాలి, 28వ అధ్యాయం 68 వచనాలు కనుక ఆ రోజుకు కొంత ఎక్కువ సమయం కేటాయించుకోవాలి.